లాక్ తీయకుండానే పాట ఆగాలి: రెండేళ్లు వాడాక నా మాట

నేను ఫోన్‌లో వాడే మ్యూజిక్ ప్లేయర్ యాప్ గురించి ఇది. ఈక్వలైజర్ ఎలా ఉంది, రంగులు మారతాయా, లిరిక్స్ వస్తాయా, అవన్నీ చాలామంది రాసేశారు, నేను రాయను. నేను చూసేది ఒక్కటే. ఫోన్ లాక్‌లో ఉండగానే పాట ఆపగలగాలి, మళ్లీ పెట్టగలగాలి, కాస్త వెనక్కి జరపగలగాలి. ఇంత చిన్న విషయానికి ఇంత రాయాలా అనిపించవచ్చు. మాది పలాస, నాది జీడిపిక్కల కటింగ్ పని. అందుకే నాకిది చిన్న విషయం కాదు.

ఈ పని చూడని వాళ్లకి ఒక మాట చెప్పాలి. ఉడికించి ఆరబెట్టిన పిక్కని మిషన్ బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో తొక్కి, చేత్తో హ్యాండిల్ లాగితే పెంకు విడుతుంది, లోపలి పప్పు చితక్కుండా తీయాలి. ఆ పెంకులో నల్లటి నూనె ఉంటుంది, జిగురుగా. అది తగిలితే చర్మం మండుతుంది, నల్లబడుతుంది, తర్వాత పొరలు పొరలుగా ఊడుతుంది. ఆముదమో బూడిదో రాసుకుని కూర్చుంటాం, అయినా కొన్నేళ్లకి వేలి గీతలు అరిగిపోతాయి. రేషన్ దగ్గరే మా వేలు పడదు, ఇక ఫోన్‌కి ఏం పడుతుంది? మొహానికి గుడ్డ కట్టుకుంటాం కాబట్టి ఫేస్ లాక్ కూడా పనికిరాదు. లాక్ తీసేయొచ్చు కదా అని మా తమ్ముడు అన్నాడు. యూపీఐ ఉన్న ఫోన్‌ని లాక్ లేకుండా పదిమంది మధ్య బల్ల మీద పెట్టడం నా వల్ల కాదు. కాబట్టి పిన్ ఒక్కటే దారి, ఆరు అంకెలు.

అందుకే లాక్ స్క్రీన్ మీద పాట కార్డు, అంటే పాట పేరూ ఆపే బటన్లూ ఉండే చిన్న పెట్టె, కనిపించడం నాకు అంత ముఖ్యం. ఈ యాప్ పెట్టిన మొదటి రోజే నచ్చేసింది. వేలి కణుపుతో తాకినా బటన్ పడుతుంది. ఇంకా బాగా నచ్చినదేంటంటే, కార్డు మీద ఏ బటన్లు ఉండాలో యాప్ సెట్టింగ్స్‌లో మనమే ఎంచుకోవచ్చు. నేను 'వెనకటి పాట' బటన్ తీసేసి 'పది సెకన్లు వెనక్కి' పెట్టుకున్నాను. ఎందుకంటే మేం వినేది ఎక్కువగా పాటలు కావు, జముకుల కథ, అంటే జముకు వాయిస్తూ చెప్పే మా వైపు జానపద కథ. మా తాతయ్య దాచిన క్యాసెట్లని కాశీబుగ్గలో ఒక షాపులో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అక్కడి నుంచి మెమరీ కార్డులో వేసుకున్నాను. రెండు వైపులూ కలిపి ఒకే ఫైల్, గంటా యాభై నిమిషాలు. మిషన్ చప్పుడులో ఒక మాట జారిపోతే పది సెకన్లు వెనక్కి వెళ్తే చాలు, అదే పాత బటన్ నొక్కితే కథ మొదటికి పోతుంది. ఈ ఒక్క బటన్ కోసం నేను ఆ యాప్‌కి అయిదు స్టార్లు ఇచ్చాను, మా షెడ్‌లో నలుగురి చేత పెట్టించాను కూడా.

ఆ తర్వాత పోయిన ఎండాకాలం, పిక్కలు బాగా దిగే రోజుల్లో, ఫోన్‌కి ఒక అప్‌డేట్ వచ్చింది. రాత్రి వేసి పడుకున్నాను. మర్నాడు కథ మంచి పట్టులో ఉంది, జముకు మోత చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో షెడ్ అంతా వినిపిస్తోంది, అప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు. కణుపుతో ఎత్తి, లౌడ్ పెట్టి, ఏడెనిమిది నిమిషాలు మాట్లాడాను. పెట్టేశాక కథ మళ్లీ మొదలుపెడదామని చూశాను. లాక్ స్క్రీన్ మీద చూస్తే టైమ్ ఉంది, తేదీ ఉంది, కార్డు లేదు. పక్క బల్ల పిన్ని "ఏటమ్మీ, ఆపేసినావేటి? బేగి పెట్టు" అంటోంది. కణుపుతో పిన్ కొట్టాను, తప్పు. మళ్లీ కొట్టాను, తప్పు. కణుపు వెడల్పుగా ఉంటుంది కదా, అయిదు మీద పెడితే ఎనిమిది పడుతుంది. అయిదుసార్లు తప్పాక ముప్పై సెకన్లు ఆగమంది. స్పీకర్ మీద బటన్ ఉంది కదా అంటారేమో, అది నూనె తగలకుండా గోడ మేకుకి వేలాడుతుంది. లేచి వెళ్లి నొక్కాను, అప్పుడు ఫోన్‌లో నేనెప్పుడూ తెరవని ఇంకేదో ప్లేయర్ మొదలై రింగ్‌టోన్ల ఫోల్డర్ పాడటం మొదలుపెట్టింది. చివరికి ఆముదంతో చేతులు తుడిచి, సబ్బుతో కడిగి, లాక్ తీసి యాప్ తెరిస్తే కథ మొదటి నిమిషం దగ్గర ఉంది. గంటకి పైగా విన్నాం. ఎక్కడ ఆగామో దానికి గుర్తులేదు.

మాకు కేజీ లెక్కన డబ్బులు. ఆ కడుక్కోవడం, మళ్లీ ఆముదం రాసుకోవడం, అదంతా పని ఆగిన టైమే. పదకొండు రోజులు ఇలాగే జరిగింది, రోజుకి ఒకటి రెండుసార్లు. కోపం వచ్చి అయిదు స్టార్లు తీసి ఒకటి పెట్టాను.

తప్పు మొత్తం యాప్‌ది కాదని తర్వాత తెలిసింది, అందుకే ఇది వివరంగా రాస్తున్నాను, నాలాగే ఎవరైనా ఒకటి పెట్టే ముందు చూసుకుంటారని. పాట నడుస్తున్నంతసేపు యాప్‌ని వాడుతున్నట్టుగానే ఆండ్రాయిడ్ చూస్తుంది, దాని జోలికి పోదు. పాట ఆగిన కాసేపటికి ఆ రక్షణ పోతుంది. అప్పుడు ఫోన్ కంపెనీ పెట్టిన బ్యాటరీ సేవర్ వచ్చి యాప్‌ని మూసేస్తుంది, యాప్‌తో పాటే లాక్ స్క్రీన్ కార్డు కూడా పోతుంది. మొదట్లో నేనే సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీని 'అన్‌రిస్ట్రిక్టెడ్' అని పెట్టుకున్నాను, అప్‌డేట్ వచ్చి దాన్ని పాత స్థితికి తెచ్చేసింది. అలా పెడితే సేవర్ దాన్ని మూయదు. మళ్లీ పెట్టాను, యాప్ దానంతటదే మొదలయ్యే ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేశాను, ఆ రోజు నుంచి కాల్ తర్వాత కార్డు పోలేదు. యాప్ లోపల 'కాల్ అయ్యాక మళ్లీ మొదలుపెట్టు' అని ఇంకొకటి ఉంది, అది ముందు నుంచీ ఆఫ్‌లోనే ఉంది. దాన్ని ఆఫ్‌లో పెట్టి ఇవ్వడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

స్టార్లు నాలుగుకి మార్చాను. అయిదు ఇవ్వలేదు. ఆగిన చోటు గుర్తుపెట్టుకోవడం ఆ తర్వాతి వెర్షన్‌లో వచ్చింది, మంచిదే, కానీ అది ఫైల్ ఫైల్‌కీ విడిగా ఆన్ చేసుకోవాలి. అన్నం తినడానికి అరగంట ఆపితే అప్పుడప్పుడూ కార్డు ఇప్పటికీ పోతుంది. పైన కణుపుతో తాకినా బటన్ పడుతుందని రాశాను కదా, అది నేను డిస్‌ప్లే సైజు ఒక మెట్టు పెంచుకున్నాక. మామూలు సైజులో కణుపుకి అంత బాగా అందవు.

ఇక కార్డు మీద కదిలే గీత గురించి. ఆండ్రాయిడ్ 10 వచ్చిన 2019 నుంచి కార్డు మీద పాట ఎంతవరకు వచ్చిందో చూపే గీత ఉంటుంది, దాన్ని లాగితే పాట ముందుకీ వెనక్కీ పోతుంది. మూడు నిమిషాల పాటకి ఫర్వాలేదు. గంటా యాభై నిమిషాల కథలో ఆ గీత మీద గోరంత దూరం కదిలితే అయిదారు నిమిషాలు ఎగిరిపోతుంది. స్క్రీన్ మీద నూనె చుక్క పడితే మోచేతి దగ్గర చీర చెంగుతో తుడుస్తాను, ఆ తుడవడంలో గీత జరిగిపోతుంది. కథలో పెళ్లి జరుగుతుంటే ఒక్కసారిగా ఏడుపులోకి వెళ్లిపోయాం ఒకరోజు. దీన్ని తీసేసే దారి యాప్‌లో వెతికాను, నాకు దొరకలేదు.

కాబట్టి ఇది కొనమని, పెట్టుకోమని అందరికీ చెప్పలేను. చేతులు శుభ్రంగా ఉండే పని మీదైతే ఇదంతా మీకు ఎదురవదు, ఏ ప్లేయరైనా ఒకటే. పొలంలో, గ్యారేజీలో, వంట దగ్గర, పిండి చేతులతో వినే వాళ్లయితే ఆ పది సెకన్ల బటన్ కోసమైనా పెట్టి చూడండి, బ్యాటరీ సెట్టింగ్ మాత్రం ముందే మార్చుకుని, ఫోన్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఒకసారి చూసుకోండి.

పక్క బల్ల పిన్నిది పాత ఫోన్, ఆండ్రాయిడ్ 9. అదే యాప్ అందులో వేశాం. దాంట్లో లాక్ స్క్రీన్ నిండా బొమ్మ వస్తుంది, కింద బటన్లు వస్తాయి, కదిలే గీత లేదు. ఎంత తుడిచినా కథ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పోయిన వారం నుంచి మెమరీ కార్డు తీసి ఆ ఫోన్‌లోనే పెడుతున్నాం.