చెక్కభజన నుంచి కీర్తన దాకా: రిబ్బన్ మైక్‌తో కొన్నేళ్లు

రిబ్బన్ మైక్ (పలచటి లోహపు రేకుతో శబ్దాన్ని పట్టే మైక్) కొనాలా వద్దా అని అడిగినవాళ్లను నేను ముందు అడిగేది, మీరు రికార్డ్ చేసేది ఏంటి అని. ఒక మెత్తటి గొంతు, పక్కన గిటార్ అంతే అయితే స్టూడియోల్లో మామూలుగా వాడే కండెన్సర్ మైక్ చాలు, డబ్బు మిగులుతుంది. అనంతపురంలో నా దగ్గరికి వచ్చేవాళ్లు వేరు. చెక్కభజన బృందాలు, డప్పులు, నాదస్వరం, హార్మోనియం వాయిస్తూ పాడే భజన గురువులు, మైక్ అక్కర్లేకుండానే ఊరంతా వినిపించేలా పాడే జానపద గాయకులు. వీళ్లకోసం కొన్నేళ్లుగా రెండు రిబ్బన్ మైకులు వాడుతున్నాను. ఒకటి బేయర్‌డైనమిక్ ఎం160. రెండోది చవకలో దొరికిన ఫిగర్-8 మైక్, అదేంటో కింద చెప్తాను.

చెక్కభజన సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ మైకులు నాకు నచ్చింది అక్కడే. చెక్కలకు బిగించిన లోహపు బిళ్లలు ఒక్కసారిగా కొట్టుకుంటే వచ్చే చప్పుడు కండెన్సర్‌లో చెవికి గుచ్చుకుంటుంది. చవక కండెన్సర్లలో చాలావాటికి పైస్థాయి శబ్దాలను ఇంకాస్త ఎత్తి చూపించే గుణం ఉంది. గొంతుకు అది మెరుపులా అనిపిస్తుంది కానీ, చెక్కలకు శిక్షే. రిబ్బన్‌లో అయస్కాంతం మధ్య వేలాడేది కొన్ని మైక్రాన్ల మందం అల్యూమినియం రేకు. దాని సొంత కంపనం బాగా కిందిస్థాయిలో ఉంటుంది కాబట్టి పైన అలాంటి ఎత్తు రాదు. చెక్క దెబ్బ దెబ్బలాగే ఉంటుంది, గరుకు పోతుంది. మొదటిసారి ఆ రికార్డింగ్ విన్న ఒక పెద్దాయన, "ఏమప్పా, మా చెక్కలు ఇట్లా ఉంటాయా? ఇప్పుడు నిజంగా వినపడతాండాయి" అన్నాడు.

ఫిగర్-8 అంటే ముందు, వెనక రెండు వైపులా సమానంగా వింటుంది, పక్కలకు దాదాపు చెవిటిది. భజన బృందాన్ని ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలబెట్టి మధ్యలో ఈ మైక్ పెడతాను. డప్పును మైక్ పక్కకు జరుపుతాను. డప్పు గదిలో మోగుతూనే ఉంటుంది, ఈ మైక్‌లో మాత్రం చాలా తక్కువ పడుతుంది. దానికి వేరే మైక్ పెట్టుకుంటే రెండింటి లెవెలూ నా చేతిలో ఉంటుంది. తాళ్లపాక అన్నమయ్య కీర్తనలను హార్మోనియం వాయించుకుంటూ పాడేవాళ్లకు ఇంకో పద్ధతి. ఈ మైక్ అడుగు భాగం కూడా చెవిటిదే. అందుకని ముఖం గొంతు వైపు, అడుగు హార్మోనియం వైపు వచ్చేలా కొంచెం వంచి పెడతాను. గొంతు విడిగా వచ్చినట్టే ఉంటుంది.

దీనికి చిక్కు మన గదులే. రాయలసీమ ఇళ్లలో కింద పరిచేది బండలు, గోడలు ఖాళీ. వెనక్కి తిరిగొచ్చే శబ్దాన్ని కూడా ఫిగర్-8 పట్టేస్తుంది. వెనకవైపు మందపు బొంతలు వేలాడదీయకపోతే గొంతుకు బాత్రూమ్ వాసన వస్తుంది. ఎం160 ఇక్కడే గెలుస్తుంది. అందులో ఒకే రిబ్బన్ కాదు, జంట రిబ్బన్లు. వినే తీరు హైపర్‌కార్డియాయిడ్, అంటే వెనక శబ్దం తక్కువ. 1957 నాటి డిజైన్, ఇప్పటికీ తయారవుతోంది. గది సరిగా లేనివాళ్లకు నేను చెప్పేది ఇదే.

సిగ్నల్ మాత్రం చాలా తక్కువ. ఎం160 సెన్సిటివిటీ, అంటే ఒక స్థాయి శబ్దానికి అది ఇచ్చే సిగ్నల్, పాస్కల్‌కు 1 మిల్లీవోల్ట్. 20 మిల్లీవోల్ట్ ఇచ్చే కండెన్సర్‌తో పోలిస్తే 26 డెసిబెల్ తేడా. డప్పు, నాదస్వరాలకు మామూలు ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) సరిపోతుంది. వేణువు, వీణ, మెల్లగా పాడే గొంతుకు మాత్రం సిగ్నల్‌ను 60 డెసిబెల్ దాటి పెంచే గెయిన్ కావాలి, ఆ పెంచే పని చేసే ప్రీయాంప్ చవకదైతే అక్కడికొచ్చేసరికి హిస్ అనే బుస చప్పుడు మొదలవుతుంది. క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్ పెట్టాకే నాకు ఆ టెన్షన్ తీరింది. అది ఇంటర్‌ఫేస్ నుంచి కేబుల్ గుండా వచ్చే 48 వోల్ట్ ఫాంటమ్ పవర్‌ను తాను వాడుకుంటుంది, మైక్‌కు పంపదు. బడ్జెట్ వేసుకునేటప్పుడు దీన్ని కూడా కలుపుకోవాలి.

కేబుల్ బాగున్నంత కాలం ఫాంటమ్ పవర్ రిబ్బన్‌ను ఏమీ చేయదు, ఎందుకంటే సిగ్నల్ వెళ్లే రెండు పిన్నులకూ వోల్టేజ్ సమానంగా వస్తుంది. కేబుల్‌లో ఒక వైరు షార్ట్ అయితే మాత్రం ఆ సమానం చెడి రేకు దెబ్బతినే ప్రమాదం ఉంది. నా దగ్గర రిబ్బన్‌కు వాడే కేబుళ్లు వేరే, మల్టీమీటర్‌తో చూశాకే పెడతాను. ఇన్వర్టర్ పక్కన కూడా పెట్టకండి, మైక్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ హమ్ (కరెంటు మోత) పట్టుకుంటుంది. మైక్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే ఒక చోట ఆ హమ్ బాగా తగ్గుతుంది.

గాలి దీనికి శత్రువు. మైక్ కనపడగానే ఫూ ఫూ అని ఊదే అలవాటు మనవాళ్లందరికీ ఉంది, వచ్చినవాళ్లకు ముందే చెప్పేస్తాను. డప్పుకు, నాదస్వరం అణసుకు (చివరన గంటలా విప్పారే భాగానికి) ఎదురుగా కాకుండా ఏటవాలుగా, మూడు నాలుగు అడుగుల దూరంలో పెడతాను. మే నెల అనంతపురం ఎండలో కూడా టేక్ నడిచేంతసేపు ఫ్యాన్ ఆపాల్సిందే. పక్కన వెల్డింగ్ షాపు ఉంటే మరీ జాగ్రత్త, ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుంటే ఓ పట్టాన రాదు. వాడనప్పుడు బట్ట సంచి తొడిగి నిలువుగానే నిలబెట్టాలి.

గొంతుల విషయంలో నా తీర్పు సూటిగా చెప్తాను. పైస్థాయిలో కీచుగా మారే గొంతు, ముక్కుతో పాడే గొంతు రిబ్బన్‌లో నిండుగా వస్తాయి. సహజంగానే మసకగా, గాలి ఎక్కువగా ఉండే గొంతులు ఇంకా మూగబోతాయి. 10 కిలోహెర్ట్జ్ పైన, అంటే బాగా పైస్థాయి శబ్దాలను, ఈక్యూతో ధైర్యంగా పెంచొచ్చు, గరుకు రాదు, కానీ లేని ప్రాణాన్ని అది తేలేదు. అడుగు దూరం లోపలికి వస్తే బాస్ విపరీతంగా ఉబ్బుతుంది, కిందిస్థాయి శబ్దాలను తగ్గించే లో కట్ తప్పదు.

రోయర్ ఆర్-121, బీబీసీ డిజైన్ చేసిన కోల్స్ 4038 గొప్ప మైకులే. మనలాంటి చిన్న స్టూడియోలకు ఆ ధర బరువు. సెకండ్ హ్యాండ్‌లో ఫిగర్-8 కొనేవాళ్లు ముందు వైపు, వెనక వైపు ఒకే దూరం నుంచి మాట్లాడి రికార్డ్ చేసి వినండి. లెవెల్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. గొంతు పలచబడి ఉన్నా, గరగరలాడుతున్నా రేకు సాగిపోయిందని అనుమానించాలి. రేకు మార్పించడం మన ఊరి మైక్ మెకానిక్ వల్ల అయ్యే పని కాదు కాబట్టి, ఎంత తక్కువ ధరకు ఇస్తానన్నా అలాంటిది తీసుకోవద్దు.