కొత్త పెయింటు స్లాషర్లు కొనేవాళ్లు ఆగండి: బ్లేడు బోల్టులకే వెల్డింగ్ కొట్టి అమ్ముతున్నారు

ట్రాక్టరు వెనక తగిలించి గడ్డి కొట్టే స్లాషర్లు, పాతవి రంగేసి అమ్మే హైవే పక్క షెడ్డు. పేరు రాయను. నెల్లూరు, కావలి, కందుకూరు వైపు పాత ట్రాక్టరు సామాను కోసం తిరిగేవాళ్లకి రాయనక్కర్లేదు కూడా. "ఫుల్లుగా రిపేరు చేసిన అయిదడుగుల స్లాషర్, బ్లేడ్లు కొత్తవి, గేర్‌బాక్స్ ఓపెన్ చేసి సీళ్లు మార్చాం, ఈ సీజన్ అంతా గ్యారంటీ" అని 38 వేలకి మాకు అంటగట్టారు. పొదలకూరు వైపు నిమ్మతోటలో సాళ్ల మధ్య గడ్డి కొట్టడానికి. సగం తోట కూడా కాకముందే పై రేకు చీలింది. ఆ అదురుకి ట్రాక్టరు సీటు మీద మనిషి కూర్చోలేడు. తిరగేసి చూస్తే అసలు బాగోతం బయటపడింది.

ఆటోలో వేసుకుని మళ్లీ షెడ్డుకే తీసుకెళ్తే అక్కడి ఓనరు ఏమన్నాడో వినండి. చీలిక దగ్గర స్పానర్‌తో ఒక్క దెబ్బ వేస్తే అరచెయ్యంత పుట్టీ పెచ్చు ఊడి అతని చెప్పు మీదే పడింది. దాన్ని కాలితో పక్కకి నెట్టాడు. చేతిలో టీ గ్లాసు కింద పెట్టలేదు. "గ్యారంటీ అంటే గేటు దాటేదాకా అన్నా. రంగుకేమన్నా విడిగా డబ్బులు తీసుకున్నామా?" పక్కన కుర్రాళ్లు నవ్వులు. సరే, నట్టుకి వెల్డింగ్ ఏందయ్యా అని చూపిస్తే, "లూజవకుండా మేమే గట్టి చేసిచ్చినాం. మంచి చేసినా తప్పేనా?" అన్నాడు. డబ్బు పోయిన బాధ కంటే ఆ "మంచి చేసినా" అన్న మాట దగ్గరే ఒళ్లు మండిపోయింది. ఆ మంచి ఎలాంటిదో చెప్తాను.

స్లాషర్ బ్లేడు, కింద తిరిగే ఇనుప పళ్లేనికి బిగుసుకుని ఉండకూడదు. బోల్టు గట్టిగా ఉండాలి, బ్లేడు దాని మీద ఊగాలి. రాయో మొద్దో తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకుని, తిరిగే వేగానికి మళ్లీ బయటికి వస్తుంది. గేర్‌బాక్స్‌ని కాపాడేది ఆ ఊగుడే. వీళ్ల దాంట్లో పళ్లెం రంధ్రం అరిగి సాగిపోయింది. కొత్త బుష్ (బోల్టు చుట్టూ ఉండే తొడుగు) వెయ్యాల్సిన చోట ఏదో దొరికిన బోల్టు దూర్చి, నట్టుని బోల్టుకీ, బోల్టు తలని పళ్లేనికీ, ఒక వైపైతే ఏకంగా బ్లేడుని కూడా కలిపేసి వెల్డింగ్ రాడ్డు కొట్టేశారు. ఇక రాయి తగిలిన దెబ్బంతా తిన్నగా గేర్‌బాక్స్ షాఫ్ట్‌కి, అక్కణ్ణించి ట్రాక్టరు నుంచి స్లాషర్‌ని తిప్పే పీటీఓ షాఫ్ట్ క్రాస్ జాయింటుకి.

దానికంటే ప్రమాదం ఇంకోటి ఉంది. బ్లేడు బోల్టు మామూలు ఇనుము కాదు, కాల్చి ముంచి గట్టిపరిచిన ఉక్కు. మంచి బోల్టు తల మీద గట్టిదనం తెలిపే 10.9 అనో 12.9 అనో అంకె ఉంటుంది. దాని మీద వెల్డింగ్ ఆర్క్ తగిలిందంటే కొంత మేర మెత్తబడుతుంది, ఆ పక్కనే పెళుసెక్కుతుంది. విరిగేటప్పుడు వెల్డింగ్ మీద విరగదు, దాని అంచున, ఒకటి రెండు మిల్లీమీటర్ల అవతల విరుగుతుంది. ఈ బోల్టులో సరిగ్గా అక్కడే వెంట్రుకవాసి చీలిక అప్పటికే వచ్చి ఉంది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంటే, వేగం పెంచే రకం గేర్‌బాక్స్ ఉన్న స్లాషర్లో కింద పళ్లెం 800 చుట్ల దాకా తిరుగుతుంది. అయిదడుగుల వెడల్పుకి లెక్క కడితే బ్లేడు కొస వేగం గంటకు 220 కిలోమీటర్ల పైమాటే. అంత వేగంలో ఇనుప ముక్క ఊడొస్తే దానికి గట్టు మీద మనిషైనా, కట్టేసిన గేదైనా ఒకటే. ముందు వైపు రాళ్లు ఎగరకుండా వేలాడే గొలుసులు కూడా లేవు, పీకేశారు. బహుశా అదీ మన మంచికేనేమో.

"కొత్త బ్లేడ్ల" సంగతి. అరిగిన పాత బ్లేడ్ల అంచుకి రాడ్డుతో పోత పోసి, గ్రైండర్ పట్టి, నల్లరంగు కొట్టారు. రంగు గీకితే వెల్డింగ్ చార తేలింది, పక్కనే నీలం మచ్చ. తూకం వేస్తే రెండింటి మధ్య 140 గ్రాముల తేడా. చూడ్డానికి ఎంతో కాదు. కానీ పళ్లెం నడిమి నుంచి రెండడుగుల దూరంలో, 800 వేగంలో, ఆ 140 గ్రాములు దాదాపు 60 కిలోల బరువు పక్కకి గుంజినట్టు గుంజుతాయి, పళ్లెం ఎటు తిరిగితే అటు. పై రేకు చీలిందంటే చీలదా మరి! కల్టివేటర్ నాగళ్లకీ, మడక కర్రుకీ గట్టి రాడ్డుతో పోత పోసుకోవచ్చు, మట్టిలో మెల్లగా నడిచేవి కాబట్టి ఇబ్బంది లేదు. తిరిగే బ్లేడుకి ఎవరు పోత పోస్తానన్నా, ఎంత చవకన్నా వద్దు. అరిగితే జతగా మార్చాల్సిందే, ఒకటి కొత్తది ఒకటి పాతది కూడా పనికిరాదు. పదును పెట్టేటప్పుడు రెండూ తూకం వేసి బరువెక్కువ ఉన్నదాన్ని వెనక వైపు నుంచి గ్రైండ్ చేసి సమం చెయ్యాలి. గ్రైండర్ ఒకే చోట ఆపితే అంచు నీలం తిరుగుతుంది, ఆ మేర గట్టిదనం పోయినట్టే.

గేర్‌బాక్స్ మూత తీసి పుల్ల పెడితే గ్రీజు. 90 నంబరు గేర్ ఆయిల్ ఉండాల్సిన చోట గ్రీజు కుక్కారు. ఎందుకంటే ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయింది, ఆయిల్ పోస్తే నిలవదు, గ్రీజైతే కొన్నాళ్లు కారదు. గేరు పళ్లు దాన్ని పక్కకి తోసేసి ఉత్తిగా తిరుగుతాయి, పై బేరింగుకి చుక్క కూడా అందదు. కొన్నవాళ్లకి తెలిసేసరికి బేరింగ్ ఏడుస్తుంటుంది. కొనేముందు మూత తీసి చూడండని చెప్పేదే ఇందుకు. తీయనివ్వకపోతే వచ్చేయండి.

ఇంక పై రేకు. తుప్పు బొక్కల మీద గోడౌన్ కప్పు రేకు ముక్కలు అతికించి, పైన పుట్టీ, ఆ పైన పెయింటు. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లి ఉంటే షెడ్డులోనే తేలేది: మంచి రేకుకి టక్కున పట్టుకుంటుంది, మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. ఇరవై రూపాయల అయస్కాంతం లేక 38 వేలు. ఏం తెలివి!

డబ్బు ఎలాగూ రాదు, ఇంట్లో బాగుచేసుకునేవాళ్ల కోసం ఇది. ముందు ఆ కప్పు రేకు ముక్కలు పూర్తిగా పీకేయండి. దానికి జింకు పూత ఉంటుంది, దాని మీద ఆర్క్ పెడితే వచ్చే తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. పూత గ్రైండ్ చేసి వాడుకోవచ్చు గానీ ఆ పల్చటి రేకు ఇక్కడ ఎలాగూ నిలవదు. సుత్తితో తడుతూ పోండి. ఖంగుమని మోగిన చోట ఇనుము ఉంది, బద్దగా పలికిన చోట తుప్పే. మోగేదాకా కోసెయ్యాలి, మూలలు గుండ్రంగా. చదరం మూల వదిలితే మళ్లీ అక్కణ్ణించే చీలుతుంది. పాత రేకు ఎంత మందమో అంతే మందం ప్లేటు, ఇక్కడ 4 మిల్లీమీటర్లు. పైన పరిచి అతికించొద్దు, అంచుకి అంచు కలపండి. ఒకదాని మీద ఒకటి పరిస్తే మధ్యలో తడి గడ్డి పసరు చేరి రెండేళ్లలో మళ్లీ అదే బొక్క.

ఈ రేకుకి 12 నంబరు (రెండున్నర మిల్లీమీటర్ల) 6013 రకం వెల్డింగ్ రాడ్డు, మెషిన్ 70 నుంచి 80 ఆంప్స్. రేకు పల్చబడిన చోట 60కి దించకపోతే బొక్క పడుతుంది. మూడేసి అంగుళాలకి ఒక టాకా (చిన్న చుక్క వెల్డింగ్) వేసి, తర్వాత అంగుళంన్నర చొప్పున ఎదురెదురు వైపుల కొట్టుకుంటూ పోవాలి. ఒకే వైపు ఏకబిగిన లాగితే రేకు వంకర తిరిగి బ్లేడుకి రాసుకుంటుంది. స్లాగ్ (వెల్డింగ్ మీద గడ్డకట్టే పెచ్చు) పూర్తిగా కొట్టి తీసెయ్యకుండా పైన రెండో వరస వెయ్యొద్దు. షెడ్డువాళ్ల వెల్డింగ్‌ని గ్రైండ్ చేస్తే లోపలంతా నల్లటి స్లాగే, ఇనుము కంటే అదే ఎక్కువ.

ట్రాక్టరుకి తగిలించే మూడు పిన్నుల ఫ్రేము దగ్గర చీలిక ఉంటే ఆ రాడ్డు చాలదు. చీలిక రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ఇంక ముందుకు పాకదు. తర్వాత గ్రైండర్‌తో 'వి' ఆకారం గాడి తీసి, 10 నంబరు 7018 రాడ్డుతో 110, 120 ఆంప్స్ దగ్గర, రాడ్డు పట్టే హోల్డరు వైరుని మెషిన్ ప్లస్సుకి పెట్టి కొట్టాలి. 7018 తేమ పట్టిందంటే లోపల బుడగలు, పైగా తర్వాత చీలుతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన గాలికి విప్పిన ప్యాకెట్టు నమ్మడానికి లేదు. 300 డిగ్రీల పైన గంటసేపు కాల్చే వీలు ఇంట్లో ఉండదు కాబట్టి చిన్న ప్యాకెట్టు తెచ్చి, విప్పిన రోజే వాడేయండి. ఇంటి నుంచి చేలోకి సన్న వైరు లాగి మెషిన్ పెడితే ఓల్టేజీ పడిపోయి రాడ్డు అతుక్కుంటూ ఉంటుంది. అది రాడ్డు తప్పు కాదు, వైరు తప్పు.

వెల్డింగ్ మెషిన్ ఎర్తు క్లాంపు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి, చాలామంది మెకానిక్కులు కూడా పట్టించుకోరు. రేకు వెల్డింగ్ చేస్తూ క్లాంపు బ్లేడుకో పళ్లేనికో తగిలిస్తే కరెంటంతా గేర్‌బాక్స్ బేరింగుల్లోంచి పోతుంది. గోళీల మీదా, వాటి దారి మీదా చిన్న గుంటలు పడతాయి. ఆ రోజు తెలీదు, వారానికి గరగర మొదలు. వెల్డింగ్ చేసే రేకుకే, జానెడు దూరంలో, తుప్పు గీకి క్లాంపు పెట్టాలి. ట్రాక్టరుకి తగిలించి ఉంచి అసలు చెయ్యొద్దు. విప్పే వీలు లేకపోతే బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయండి. కింద ఎండుగడ్డి, గ్రీజు తుడిచేసి బకెట్ నీళ్లు పక్కన పెట్టుకోండి.

గేర్‌బాక్స్ డొక్కు పోత ఇనుము. అది చీలితే మామూలు రాడ్డుతో ఇంట్లో ప్రయోగాలు చెయ్యొద్దు, నికెల్ రాడ్డు కావాలి, ముందు వేడి చెయ్యాలి, అంగుళం అంగుళం కొట్టి ప్రతి ముక్కనీ సుత్తితో తట్టి, తర్వాత బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చాలి. ఆటోనగర్‌లో చేతనైనవాళ్లకి ఇచ్చేయండి.

బిల్లు లేకుండా కొనొద్దు. బిల్లు మీద "బ్లేడ్లకి, బోల్టులకి వెల్డింగ్ లేదు" అని రాయించుకోండి, రాయకపోతే అర్థం చేసుకోండి. ఫోన్‌పే రశీదు, ఫొటోలు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. తేలకపోతే మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ల గడువు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు.

ఆ షెడ్డులో ఇప్పటికే కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ పూట స్లాషర్ నడపొద్దు. పీటీఓ షాఫ్ట్ తీసేసి, స్లాషర్ని ఎత్తి కింద మొద్దులు పెట్టి (హైడ్రాలిక్ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు), బ్లేడు చేత్తో ఊపి చూడండి. ఊగకపోతే అది కూడా వీళ్లు "గట్టి చేసిచ్చిందే". నట్టు కోసి, రెండు వైపులా బోల్టులు, బుష్‌లు, బ్లేడ్లు కొత్తవి పడేదాకా దాన్ని అలాగే పక్కన పెట్టండి.