తిరుపతిలో ఐదేళ్ళ కాలేజీ జీవితం: సాయంత్రాలు ఎవరివి?

కాలేజీ జీవితం సరదాగా ఉంటుందా, ఒత్తిడిగా ఉంటుందా అని మా పాలమనేరులో ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు ప్రతి వేసవిలోనూ నన్ను అడుగుతుంటారు. నిలబడి రెండు మాటల్లో చెప్పగలిగిన జవాబు కాదు కనుక రాస్తున్నాను. 2018 నుంచి 2023 వరకు నేను తిరుపతిలో చదివాను. మొదటి మూడేళ్ళు ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ, బస కూడా ఆ యాజమాన్యం నడిపే హాస్టల్లోనే. తరువాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ బాటనీ. ఊరు మారలేదు, నేను మారలేదు, చదివిన సబ్జెక్టు కూడా పెద్దగా మారలేదు. అయినా మొదటి చోట నాకు నిద్ర పట్టేది కాదు. రెండో చోట అంతకు రెట్టింపు పని చేసి హాయిగా నిద్రపోయాను.

హాస్టల్లో ఉదయం ఐదింటికి గంట కొట్టేవారు. ఐదున్నర నుంచి ఏడున్నర వరకు స్టడీ అవర్. తొమ్మిది నుంచి నాలుగు వరకు కాలేజీ. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు మళ్ళీ స్టడీ అవర్. భోజనాల హాల్లోనే బల్లలు వరుసగా జరిపి కూర్చోబెట్టేవారు, సాంబారు వాసన ఇంకా పోకముందే. ఫోన్లు వార్డెన్ మేడమ్ బీరువాలో ఉండేవి. ఆదివారం రెండు గంటలు బయటికి వెళ్ళవచ్చు, అదీ ఇంటినుంచి ఎవరైనా ఫోన్ చేసి చెబితేనే. ఇంటర్‌లో ఇలాగే ఉండేది, డిగ్రీకి వస్తే వదులుతారని అనుకున్నాను. వదల్లేదు. పైగా మేము పెద్దవాళ్ళమయ్యాం కాబట్టి ఇంకా జాగ్రత్తగా కాయాలన్నారు.

చదువు కష్టమైనది కాదు, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆరు సెమిస్టర్లు, ఒక్కో పేపరుకు ఇంటర్నల్స్‌కు 25, సెమిస్టరు పరీక్షకు 75 మార్కులు. రోజుకు రెండు గంటలు మనసు పెట్టి చదివితే చాలు. మమ్మల్ని ఐదున్నర గంటలు కూర్చోబెట్టి ఆ రెండు గంటల చదువు కూడా జరగనివ్వలేదు. మూడున్నర గంటలు కదలకుండా కూర్చున్నాక పుస్తకంలో అక్షరాలు కనిపిస్తాయి తప్ప తలకు ఎక్కవు. రికార్డులు గీసుకోవడానికి అక్కడ అనుమతి లేదు, చదవడం మాత్రమే చేయాలి. అందుకని కాండం అడ్డుకోతల బొమ్మలన్నీ రాత్రి పదకొండు తరువాత మెట్ల దగ్గర దీపం కింద గీసుకునేవాళ్ళం. ప్రాక్టికల్‌లో బ్లేడుతో పల్చటి ముక్క కోసి, సఫ్రనిన్ రంగు వేసి, మైక్రోస్కోపులో చూసినప్పుడు నాళాలు ఎర్రగా వెలుగుతాయి. నాకు బాటనీ మీద ప్రేమ పుట్టింది అక్కడే. ఆ ప్రేమకు వారంలో దొరికేది ఒక్క ప్రాక్టికల్ పూట.

సరదా అసలు లేదని అనను. ఎనిమిదిమందిమి ఒకే గదిలో ఉండేవాళ్ళం. పుంగనూరు అమ్మాయి తెచ్చిన చింతకాయ పచ్చడి రెండు రోజుల్లో అయిపోయేది. ఆదివారం రెండు గంటల్లో గాంధీ రోడ్డు చివరిదాకా నడిచి, గోవిందరాజస్వామి కోనేటి గట్టున కూర్చుని, పరుగున వెనక్కి వచ్చేవాళ్ళం. ఆ పరుగు కూడా బాగుండేది.

కానీ 2019 మే నెల నాకు మరపు రాదు. ప్రత్యేక తరగతుల పేరుతో సెలవుల్లో కూడా మమ్మల్ని హాస్టల్లోనే ఉంచారు. ఊళ్ళో తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఇలా రోజుకొక వేషంతో వారం పాటు ఊరంతా కదిలే పండుగ అది. మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని అమ్మవారి మొక్కు తీర్చుకుంటారు. మేము మేడ మీద బట్టలు ఆరేసే చోట నిలబడి డప్పులు విన్నాం. శబ్దం దగ్గరికొస్తుంటే పిల్లలందరం పిట్టగోడ దగ్గరికి చేరాం. వీధి మలుపు దాకా వచ్చి అది వేరే వైపు తిరిగిపోయింది. తిరుపతిలో ఉండి తిరుపతిని చెవులతో మాత్రమే తెలుసుకున్నాను ఆ ఏడాది.

రెండో ఏడాదిలో మా గదిలో ఒకమ్మాయి అన్నం తినడం తగ్గించింది. ముందు రాత్రి భోజనం మానింది, తరువాత టిఫిను. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చునేది. ఎవరికి చెప్పాలో మాకు తెలియలేదు. వార్డెన్ మేడమ్‌కు చెబితే వాళ్ళ నాన్నను పిలిపించారు, ఆయన వచ్చి మందలించి వెళ్ళారు. డిసెంబరులో ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. మేమంతా తనకు ఇంటిబెంగ అనుకున్నాం. అది బెంగ కాదని, జబ్బని, దానికి వైద్యం ఉందని చెప్పే మనిషి మూడు వందల మంది పిల్లలున్న ఆ భవనంలో ఒక్కరూ లేరు. విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. ఆ వార్త చదివిన రోజు నాకు మా గది, ఆ అమ్మాయి మంచం గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. ఇప్పుడు టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ కూడా ఉంది. 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. ఫోన్లు బీరువాలో పెట్టే హాస్టళ్ళు ఈ ఒక్క నంబరునైనా గోడ మీద రాయించాలి.

2020 మార్చిలో కరోనా వల్ల అందరినీ ఇళ్ళకు పంపారు. నా చదువు సంగతి నాకు తెలిసింది అప్పుడే. పొద్దున నాన్నతో కలిసి టమోటా తోటకు వెళ్ళేదాన్ని. ఎండెక్కేలోపు కాయ కోసి, బాక్సుల్లో సర్ది, ఇంటికొచ్చి స్నానం చేసి, మధ్యాహ్నం మూడు గంటలు చదువుకునేదాన్ని. ఫోనులో పాఠాలు సరిగా వచ్చేవి కావు, సిగ్నల్ కోసం గట్టు ఎక్కాల్సి వచ్చేది. అయినా ఆ కొద్ది నెలల్లో చదివినంత శ్రద్ధగా ఆ మూడేళ్ళలో ఎప్పుడూ చదవలేదు. ఒళ్ళు అలిసేది, మనసు అలిసేది కాదు. ఏ గంటలో ఏం చేయాలో నేనే నిర్ణయించుకోవడం తప్ప అక్కడ కొత్తగా కలిసొచ్చింది ఏమీ లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వంటి ఇళ్ళలో ఒత్తిడి అంటే సగం అదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ధైర్యంతో చేరతాం. ఆ డబ్బు ఆలస్యమైతే కాలేజీ మన వైపు చూస్తుంది. డిగ్రీ పూర్తయ్యాక పీజీ కౌన్సెలింగ్‌కు టి.సి., మార్కుల జాబితాలు కావాలంటే, బకాయి కడితేనే ఇస్తామన్నారు. రెండు రోజులు ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్నాను. మూడో రోజు నాన్న పాల డబ్బుకు అడ్వాన్సు తీసుకుని, మూడు గంటలు బస్సులో వచ్చి కట్టారు. ఏమీ అనలేదు, నాకు మజ్జిగ కొనిచ్చి, తను తాగకుండానే తిరుగు బస్సు ఎక్కారు. ఏ పరీక్ష ముందూ అంత బాధ కలగలేదు నాకు.

ఇక విశ్వవిద్యాలయం. 1954లో మొదలైన చోటు, పెద్ద పెద్ద చెట్లు, తల ఎత్తితే కొండ. ఇక్కడి హాస్టల్లోనూ గేటుకు వేళ ఉండేది, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. కానీ లోపల ఉన్న గంటలు మావి. లైబ్రరీకి వెళ్ళవచ్చు, పడుకోవచ్చు, ల్యాబులో మిగిలిన పని చేసుకోవచ్చు. మొదటి నెల నాకు ఏం చేయాలో తోచలేదు. ఆరు కాగానే కూర్చోవాలేమోనని గుండె దడదడలాడేది. ఆ అలవాటు పోవడానికి ఒక సెమిస్టరు పట్టింది.

పని మాత్రం బీఎస్సీ కంటే చాలా ఎక్కువ. మొక్కల సేకరణకు శేషాచలం అడవికి తీసుకెళ్ళేవారు. 2010లో దీన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్దిపాటి నేలల్లో ఇదొకటి. సైకస్ బెడ్డోమి అనే మొక్క ఉంది, చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, పూలు పూయని అతి పాత జాతి. మొట్టమొదటిసారి దాన్ని నేల మీద చూసినప్పుడు, పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టిన రోజులు గుర్తొచ్చాయి. తలకోనలో 270 అడుగుల జలపాతం చూడటానికి అందరూ వస్తారు. మేము ఆ దారిలో చెట్ల మీదుగా పాకిన గిల్లతీగను చూస్తూ అరగంట నిలబడ్డాం. తొడంత లావు తీగ, మూరెడు పొడవు మించిన కాయలు. మా మేడమ్ ఆ కాయ చేతిలో పెట్టి, ‘గింజ బరువు చూడమ్మా’ అన్నారు.

తెచ్చిన మొక్కల్ని పాత వార్తాపత్రికల మధ్య పరిచి, చెక్కల నడుమ బిగించి, రోజూ కాగితాలు మార్చాలి. వానాకాలంలో ఒక్క రోజు మరిచినా బూజు పడుతుంది. ఆరాక 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్ట మీద కుట్టి, పేరు, దొరికిన చోటు, తేదీ రాయాలి. యాభై షీట్లు ఇవ్వాలన్న గడువుకు ముందు వారం మేము రాత్రి రెండింటి దాకా పనిచేశాం. చేతులకు జిగురు, జుట్టులో ఎండుటాకులు. ఇది ఒత్తిడి కాదా అంటే పనిభారం నిజమే. కానీ మధ్యలో లేచి టీ కాచుకున్నాం, పాటలు పాడుకున్నాం, ఒకరి మొక్కకు మరొకరు పేరు వెతికి పెట్టాం. ఎవరూ మమ్మల్ని కూర్చోబెట్టలేదు.

శనివారాల్లో అలిపిరి నుంచి కొండెక్కేవాళ్ళం. 3550 మెట్లు. గాలిగోపురం దాకా మాటలు, అక్కడినుంచి జింకల పార్కు దాకా చెట్ల పేర్లు, మోకాళ్ళ మెట్ల దగ్గర ఎవరికీ మాట రాదు. పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో పంక్తిలో కూర్చుని వేడి అన్నం తిని, చీకటి పడకముందే దిగివచ్చేవాళ్ళం. పైసా ఖర్చు లేని సరదా అది. నా ఐదేళ్ళలో ఇంతకన్నా మంచి రోజులు లేవు. 2023 మేలో గంగమ్మ జాతరకు వెళ్ళాను. డప్పుల మధ్య నిలబడినప్పుడు, నాలుగేళ్ళ కిందట పిట్టగోడ దగ్గర నా పక్కన నిలబడిన వాళ్ళందరికీ వీడియో పంపాను.

గేటు వదులుగా ఉంటే పిల్లలు చెడిపోతారని భయపడే తల్లిదండ్రులకు నా తరగతిలోని సంగతి దాచను. ఇరవై మందికి పైగా ఉండేవాళ్ళం. ఒకతను 75 శాతం హాజరు లేక ఒక సెమిస్టరు పోగొట్టుకున్నాడు, తరువాత కట్టుకుని పాసయ్యాడు. మిగిలినవాళ్ళం సొంతంగానే నిలబడ్డాం. ఉద్యోగం భయం మాత్రం రెండు చోట్లా ఒకటే. టీచరు ఉద్యోగాల డీఎస్సీ ఎప్పుడు పడుతుంది, లెక్చరరు అర్హతకు రాసే నెట్ పరీక్ష వస్తుందా రాదా అన్న ఆలోచన చివరి సెమిస్టరులో అందరి కళ్ళలోనూ ఉండేది. అది కాలేజీ పుట్టించిన ఒత్తిడి కాదు, దానికి కాలేజీ దగ్గర మందు కూడా లేదు.

మా పిన్ని కూతురు ఈ జూన్‌లో తిరుపతిలో డిగ్రీలో చేరుతోంది. కాలేజీలు చూడటానికి నేనూ తోడు వెళుతున్నాను. పోయిన వారం రెండు చోట్ల ల్యాబులు చూపించారు, ర్యాంకుల ఫ్లెక్సీలు చూపించారు, ఏసీ గదులు చూపించారు. రెండు చోట్లా నేను ఒకటే అడిగాను: సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పిల్లలు ఎక్కడుంటారండీ? ఒక చోట మేడమ్ గర్వంగా స్టడీ హాలు తలుపు తీసి చూపించారు. వరుసగా బల్లలు, గోడకు పెద్ద గడియారం. నేను చెల్లి చెయ్యి పట్టుకుని, ఇంకో కాలేజీ కూడా చూసి వద్దాం పద అన్నాను.