దూరం నమ్మొచ్చు, టైమ్ నమ్మలేం: ఫ్లైట్ డిస్టెన్స్ కాలిక్యులేటర్లపై నా సమీక్ష

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్య దూరం, ప్రయాణ సమయం చెప్పే సైట్లను ఏళ్ల తరబడి వాడుతున్నాను. నేను తిరిగేది ఎక్కువగా చిన్న ఎయిర్‌పోర్టుల మధ్యే. ముందే చెప్పేస్తున్నా: దూరం విషయంలో వీటికి పెద్దగా వంక పెట్టలేం. తేడా కొట్టేదల్లా టైమ్ దగ్గరే.

ఇవి కొలిచేది గ్రేట్ సర్కిల్ దూరం, అంటే భూమి ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్థం ఉన్న గోళం అనుకుని లెక్క కట్టినా తేడా అర శాతం అటూ ఇటూ ఉంటుంది. 400 కి.మీ. రూటులో అది రెండు కిలోమీటర్లు, పట్టించుకోనక్కర్లేదు. చూసుకోవాల్సింది యూనిట్. విమానాలు, ఓడల వాళ్లు వాడే నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ., మామూలు మైలు 1.609. ఏ మైలో చెప్పకుండా వదిలేసే సైట్‌ను నేను రెండోసారి తెరవను. ఇంకోటి, ఊరి పేరు కాకుండా టికెట్ మీద ఉండే మూడక్షరాల ఎయిర్‌పోర్టు కోడే కొట్టాలి. శాన్ హోసే అంటే కాలిఫోర్నియాలోనూ ఉంది, కోస్టారికాలోనూ ఉంది.

ఇక టైమ్. చాలా సైట్ల లెక్క ఒకటే: గంటకు 800 కి.మీ. వేగం, పైన టేకాఫ్, ల్యాండింగ్‌ల కోసం ఓ అరగంట. 400 కి.మీ.కి సరిగ్గా గంట అని చూపిస్తాయి. జెట్ విమానానికి ఇది దాదాపు సరిపోతుంది. చిన్న ఎయిర్‌పోర్టులకు చాలాచోట్ల తిరిగేది ఏటీఆర్ 72 లాంటి టర్బోప్రాప్, అంటే ప్రొపెల్లర్లతో ఎగిరే విమానం. దాని వేగం గంటకు 500 కి.మీ. చిల్లర. అదే దూరానికి గాల్లోనే దాదాపు గంట పడుతుంది, ట్యాక్సీయింగ్, అంటే రన్‌వేకీ పార్కింగ్‌కీ మధ్య నేల మీద నడిచే సమయం కలిపితే గంటా పావు. పైగా 50 కి.మీ. వేగంతో ఎదురుగాలి వీస్తే జెట్‌కు వేగంలో పోయేది ఆరు శాతం, దీనికి పది శాతం. అయినా సైట్‌లో పోనూ రానూ ఒకే టైమ్! గాలి అనేది ఉంటుందని వీటికి ఎవరూ చెప్పలేదేమో.

రన్‌వే సంగతీ అంతే. గాలి దిశను బట్టి అవతలి చివర నుంచి దిగాల్సి వస్తే విమానం ఎయిర్‌పోర్టును దాటుకుని వెళ్లి, చుట్టు తిరిగి వస్తుంది. కిటికీలోంచి రన్‌వే కనిపిస్తూనే ఉంటుంది, దిగడానికి ఇంకో ఐదారు నిమిషాలు. పొడవైన ప్రయాణంలో అది లెక్కలోకి రాదు గానీ, గంటలోపు ఫ్లైట్‌లో బాగానే తెలుస్తుంది.

టికెట్ మీద టైమ్ ఇంకా ఎక్కువ ఉంటుంది. అది మోసమేమీ కాదు. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల పార్కింగ్‌లో ఆగేదాకా లెక్క అది, దాన్నే బ్లాక్ టైమ్ అంటారు. ఆలస్యాలకు కాస్త జాగా కూడా అందులోనే కలుపుకుంటారు. కనెక్షన్ ఫ్లైట్ చూసుకునేటప్పుడు నేను దాన్నే పట్టుకుంటాను.

ప్రస్తుతం నా పద్ధతి ఇది. దూరానికి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్: రెండు కోడ్‌ల మధ్య చిన్న గీత (-) పెడితే చాలు, దారి మ్యాప్ మీద గీసి చూపిస్తుంది. టైమ్‌కు విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24: ఫ్లైట్ నంబర్ కొడితే ఈమధ్య ఎప్పుడు ఎగిరిందో, ఎప్పుడు దిగిందో, ఏ విమానం వేశారో వస్తుంది. కాలిక్యులేటర్లలో విమానం రకం ఎంచుకునే చిన్న పెట్టె ఒకటి పెడితే సగం గోల తీరుతుంది. అందాకా దూరానికి ఐదుకు నాలుగున్నర, టైమ్‌కు రెండు.