పన్ను కట్టుకుని నిలిపిన బడి, రాజుగారు పోషించిన బడి: ఏది మేలు?

గోదావరి జిల్లాల్లో పాత హైస్కూళ్ల ఘనత చెప్పవలసి వస్తే పూర్వ విద్యార్థుల పేర్లు వల్లించడం మనకు అలవాటు. నరసాపురం టేలర్ హైస్కూలును తలచుకున్నా, కాకినాడలోని పిఠాపురం రాజావారి విద్యాసంస్థను తలచుకున్నా ముందుగా వచ్చే పేరు అల్లూరి సీతారామరాజుదే. రెండు ఊళ్ల మాటా నిజమే. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో ఊళ్లు మారుతూ సాగిన చదువులో ఆయన రెండు చోట్లా కొంతకాలం ఉన్నాడు, హైస్కూలు చదువు మాత్రం పూర్తి చేయలేదు. 1922 నాటి మన్యం పోరాటాన్ని ఏ బడి ఖాతాలో వేయగలం? అందుచేత పేర్ల పట్టికను పక్కన పెట్టి, ఈ బడులను ఎవరు, ఏ విధంగా మోశారన్నది పోల్చి చూడడమే న్యాయమని నా అభిప్రాయం.

నరసాపురం కథ ఆనకట్టతో ముడిపడి ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువ నీటితో డెల్టా రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలైన రోజుల్లో, సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో బడులు పెట్టించాడు. అది చూసిన చుట్టుపక్కల గ్రామాల రైతులు, తాము కట్టే శిస్తుతో పాటు బడి కోసం మరికొంత కట్టుకుంటామని ముందుకు వచ్చారు. ఈ పద్ధతికి చట్టబలం కల్పించడానికే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం చేసింది. వరి పండించే రైతులు చదువు కోసం తమ మీద తామే పన్ను వేసుకున్నారన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. ఏ పూర్వ విద్యార్థి పేరు విన్నా అంత గర్వం కలగదు.

కాకినాడ దారి వేరు. అక్కడ పిఠాపురం సంస్థానం అండ ఉండేది. 1884 నాటికి ఆ బడి కళాశాల స్థాయికి ఎదిగింది. రాజా సూర్యారావు బహదూర్ ఆదరణలో సంఘ సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. అంతటి గురువును అన్నేళ్లు నిలుపుకోవడం, దళిత విద్యార్థులకూ అనాథ పిల్లలకూ వసతి చూపడం, శిస్తు మీద వచ్చే చిల్లర డబ్బుతో జరిగే పని కాదు. పిఠాపురం హైస్కూలులో చదివిన దేవులపల్లి కృష్ణశాస్త్రి, ఆంగ్ల సాహిత్యం మీద తనకు అభిరుచి కలిగించిన గురువులుగా కూచి నరసింహాన్నీ వెంకటరత్నం నాయుడినీ చెప్పుకున్నారు. శిష్యుడు పేరు పెట్టి గురువును తలచుకోవడమే ఒక విద్యాసంస్థకు దక్కే నిజమైన సాక్ష్యం. ఈ విషయంలో కాకినాడదే పైచేయి.

అయితే రాజుగారి అండకు రాజ్యమే హద్దు. 1948లో జమీందారీ రద్దు చట్టం రాగానే సంస్థానాల రాబడికి కాలం చెల్లింది, నాటి పి.ఆర్. (పిఠాపురం రాజా) కళాశాల నేడు ప్రభుత్వ కళాశాల. రైతుల పద్ధతిలోనూ లోపం లేకపోలేదు. పన్ను కట్టేవాడికే బడి మీద మాట చెల్లుతుంది గనుక, భూమి లేని కూలివాడి కొడుకు ఆ లెక్కలోకి రావడం కష్టం. ఆడపిల్లల మాట సరేసరి. ధవళేశ్వరంలో 1874లో వీరేశలింగం పంతులుగారు వారికోసం విడిగా బడి పెట్టవలసి వచ్చింది.

ఇవన్నీ తూచి చూశాక నేను నరసాపురం వైపే మొగ్గుతాను. దాత ఎంత ఉదారుడైనా బడి ఆయన దయగానే మిగులుతుంది. ఊరు కట్టుకున్న బడికి పైకప్పు కారితే ఊరే అడుగుతుంది. నేడు పాత బడుల కోసం నిధి పోగుచేస్తున్న పూర్వ విద్యార్థులు, విదేశాల్లో స్థిరపడిన ఒకరిద్దరు ధనవంతుల వైపు చూడడానికి ముందు, పూర్వ విద్యార్థులందరూ ఏటా కొద్దిమొత్తం కట్టే చందా పద్ధతిని ఆలోచించాలి. ఆ సొమ్ములో మొదటి వాటా కూలి కుటుంబాల పిల్లల పుస్తకాలకూ వసతికీ కేటాయించాలి. కాకినాడ నుంచి తీసుకోవలసింది అదే.