మిద్దెతోటకు మిరప కిట్టు: సంచులు భేష్, విత్తనాలే అనుమానం

హైదరాబాద్‌లోని ఒక నర్సరీ మిద్దెతోటల వారి కోసం అమ్ముతున్న మిరప కిట్టులో 12 అంగుళాల గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు ఇటుక, వర్మీకంపోస్టు, వేపపిండి, వేపనూనె సీసా, మూడు విత్తనాల పొట్లాలు, ఒక కరపత్రం ఉంటాయి. తొలకరికి నారు పోసి, సంక్రాంతి దాటేదాకా కాయలు కోసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

సంచులకు వంక పెట్టడానికి లేదు. అడుగున రంధ్రాలు తగినన్ని ఉండడం వల్ల ముసురు పట్టిన రోజుల్లో కూడా నీరు నిలవలేదు. కొబ్బరిపొట్టు మిద్దెపై బరువును తగ్గిస్తుంది కానీ దానిలో పోషకాలు దాదాపు ఉండవు కనుక, ఎర్రమట్టిని, మరికొంత ఎరువును మనమే కలుపుకోవాలి.

అసలు లోపం విత్తనాల్లో ఉంది. పొలానికి విత్తనం కొనే రైతు మొదట చూసే రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష తేదీ ఈ పొట్లాల మీద లేవు. ధ్రువీకరించిన మిరప విత్తనంలో కనీసం 60 శాతం మొలవాలన్నది ప్రమాణం. ‘ఘాటు మిరప’ అన్నంత మాత్రాన అది ఘాటుకు పేరుపడ్డ తేజ రకమో మరొకటో తెలియదు. రంగుకు పేరుపడి ఘాటు తక్కువగా ఉండే బ్యాడిగి వంటి రకమైతే ఆవకాయ పెట్టేవారి లెక్క తప్పుతుంది. మరో పొట్లంలోని భూత్ జొలోకియా మన మిరపకు భిన్నమైన జాతికి చెందింది. అప్పటికి ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపగా 2007లో గిన్నిస్ గుర్తించిన దాని ఘాటు పది లక్షల స్కోవిల్ యూనిట్లకు (మిరప ఘాటును కొలిచే ప్రమాణం) పైమాటే. దాని విత్తనం మొలవడానికి వారాలు పడుతుందన్న ముక్క కరపత్రంలో లేనందున, పది రోజులు చూసి మట్టిని తిరగేసేవారే ఎక్కువగా ఉంటారు. (మా ఇంట్లో ఆ కాయను పప్పులో వేసే సాహసం ఇంతవరకు ఎవరూ చేయలేదు.)

‘ఆకుముడతకు వేపనూనె’ అన్న ఒక్క వాక్యంతో కరపత్రం చేతులు దులుపుకుంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగులు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కాస్త సబ్బునీటితో కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే అవి అదుపులోకి వస్తాయి. కిందికి ముడుచుకుంటే నల్లి (మంచాల్లోది కాదు, మొక్కల రసం పీల్చే సూక్ష్మ జీవి). దానికి నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాములు వాడాలి. తెల్లదోమ వల్ల వైరస్ సోకి మొక్క గిడసబారితే పీకివేయడమే మార్గం.

ఏప్రిల్, మే నెలల్లో నగరంలో ఎండ 40 డిగ్రీలకు చేరినప్పుడు పూత రాలిపోతుంది కాబట్టి షేడ్ నెట్ తప్పనిసరి, కానీ అది కిట్టులో లేదు. విత్తనాల సంగతి అడిగితే దుకాణంవారు మర్యాదగా కొత్త పొట్లం ఇచ్చారు. దాని మీద కూడా తేదీ లేదు. సంచులు విడిగా ఇస్తారట. ఈసారి వాటిని మాత్రమే తీసుకుని, రకం పేరు రాసి ప్రోట్రేలలో (నారు పెంచే గళ్ల ట్రేలలో) నారు అమ్మేచోట మొక్కలు కొంటాను.