టాంటలైట్ అని చీటీ పెట్టి కొలంబైట్ పంపారు: ఖనిజాల కిట్ రివ్యూ

నల్గొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. పోయిన నెల ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి ఒక కిట్ తెప్పించాను. అందులో టాంటలైట్ అని చీటీ అంటించిన నల్లరాయి, దాని స్ఫటిక నిర్మాణం చూపించే ప్లాస్టిక్ మోడల్, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. టాంటలైట్, కొలంబైట్ ఒకే కుటుంబం ఖనిజాలు: మొదటిదానిలో టాంటలం అనే లోహం ఎక్కువ, రెండోదానిలో నయోబియం అనే లోహం ఎక్కువ. మోడల్ చాలా బాగుంది, చీటీ మాత్రం తప్పు.

రాయి నల్లగా, కొంచెం లోహంలా మెరుస్తుంది. లతీఫ్ సాహెబ్ గుట్ట దగ్గర ఏరుకొచ్చిన అంతే సైజు రాయి ఒక చేతిలో, ఇది ఇంకో చేతిలో పెడితే, దీని బరువుకు పిల్లలు నోరు తెరిచారు. కానీ టాంటలైట్ అయితే ఇంకా బరువుండాలి కదా అని అనుమానం వచ్చి, తెలిసిన కంసాలి దగ్గర జోకించాను. మామూలుగా 42.6 గ్రాములు, దారం కట్టి నీళ్లలో వేలాడదీస్తే 35.1. తగ్గింది 7.5, 42.6ను దాంతో భాగిస్తే సాంద్రత నీళ్లకు 5.7 రెట్ల దగ్గర. కొలంబైట్‌కు 5.2 నుంచి మొదలై, టాంటలం పెరిగేకొద్దీ 8 దాకా పోతుంది. కాబట్టి ఇందులో ఉన్నది ఎక్కువగా నయోబియమే.

అమ్మినవాళ్లకు రాస్తే, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయండీ అన్నారు. నిజమే, శాస్త్రవేత్తలే ఆ రెండు లోహాల దగ్గర తికమకపడ్డారు: 1801లో హాచెట్ నయోబియం, 1802లో ఎకెబర్గ్ టాంటలం కనిపెడితే, 1809లో వొలాస్టన్ రెండూ ఒకటే అనేశాడు, 1844లో రోజ్ వచ్చి వేరు అని తేల్చేదాకా ఆ గందరగోళం నడిచింది. అయితే ఇప్పుడు ఒక గ్లాసు నీళ్లు, మంచి కాటా ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే విషయానికి తప్పు పేరు పెట్టి పిల్లలకు అమ్మడం నాకు నచ్చలేదు.

మోడల్ దగ్గరికొస్తే, ఆరు మూలల్లో ఆక్సిజన్, నడుమ లోహం ఉన్న అష్టముఖి ముక్కలు అంచుకు అంచు కలిసి వంకరటింకర గొలుసులవుతాయి. ఇనుము, మాంగనీస్ పొర ఒకటి, తర్వాత నయోబియం, టాంటలం పొరలు రెండు, మళ్లీ ఇనుము. రంగుల్ని బట్టి లెక్కపెడితే ఇనుము లేదా మాంగనీస్ ఒకటికి, నయోబియం లేదా టాంటలం రెండు, ఆక్సిజన్లు ఆరు అన్న ఫార్ములా పిల్లలకు చేతుల్లోనే దొరికింది. నయోబియానికి, టాంటలానికి వేరే రంగులెందుకు లేవు సార్ అని ఒక అమ్మాయి అడిగింది, ఆ ఒక్క ప్రశ్నకే పెట్టిన డబ్బులు వచ్చేసినట్టు అనిపించింది. రెండు అయాన్ల సైజూ ఒకటే, అందుకే ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంటుంది. పట్టికలో టాంటలం కింద ఉన్నా, నడుమ వచ్చే లాంథనైడ్లు అనే మూలకాల వరుస వల్ల పెద్దది కాలేకపోయింది. పరమాణు భారం మాత్రం 93 ఎక్కడ, 181 ఎక్కడ! కంసాలి కాటా చెప్పింది ఈ తేడానే.

కిట్‌తో వచ్చిన పుస్తకంలో టాపియోలైట్ మాటే లేదు. ఇనుము, టాంటలం ఎక్కువున్నచోట దాదాపు ఇదే ఫార్ములాతో, కానీ టెట్రాగోనల్ (చతురస్రపు అడుగున్న పెట్టెలాంటి) అమరికతో వచ్చే ఖనిజం అది, ఒక పేజీ ఇవ్వాల్సింది.

మోడల్ విడిగా అమ్మితే కళ్లు మూసుకుని కొనండి. రాయి కావాలంటే సాంద్రత ఎంతో ముందే అడగండి. నేనైతే పాత చీటీ పీకేసి, కొలంబైట్, 5.7 అని రాసి ల్యాబ్ అల్మారాలో పెట్టాను.